ప్యాకెట్ మీద జొన్న బొమ్మ, జహీరాబాద్‌లో జొన్న చేను

ఈ ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు మీకో చిన్న పని. మీ ఇంట్లోనో, రూమ్‌లోనో 'మిల్లెట్' అని గానీ 'మల్టీగ్రెయిన్' అని గానీ రాసున్న బిస్కెట్ ప్యాకెట్ ఏదైనా ఉంటే తెచ్చుకోండి. వీడియో పాజ్ చేసి వెళ్లండి, పర్లేదు.

తెచ్చారా? ముందువైపు చూడొద్దు. ముందువైపు కంకి బొమ్మలు, పొలం బొమ్మలు, నవ్వుతున్న రైతు బొమ్మ ఉంటాయి. అది మార్కెటింగ్ టీమ్ రాసుకున్నది. వెనక్కి తిప్పండి. వెనకవైపు రాయించింది చట్టం. అక్కడ చిన్న అక్షరాల్లో 'ఇంగ్రీడియంట్స్' అని ఉంటుంది. అది చదవడానికి ఒక్క రూల్ తెలిస్తే చాలు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం ఏది ఎక్కువ బరువుందో అది ముందు రాయాలి, తక్కువున్నది తర్వాత రాయాలి. అంటే మొదటి మూడు పేర్లే ఆ బిస్కెట్. మిగతావన్నీ పోపులో ఇంగువ లాంటివి.

చాలా ప్యాకెట్లలో ఆ మొదటి మూడూ మైదా, చక్కెర, పామాయిల్. జొన్నో రాగో ఆ తర్వాత ఎక్కడో ఉంటుంది. ఇంకో విషయం గమనించండి. ముందువైపు ఒక ధాన్యాన్ని బొమ్మ వేసి మరీ గొప్పగా చూపిస్తే, అది ఎంత శాతం ఉందో వెనక చెప్పాలి. అందుకే బ్రాకెట్‌లో ఒక నెంబర్ కనిపిస్తుంది. ఆ నెంబర్‌తో చిన్న లెక్క చేద్దాం. ఇది ఏ బ్రాండ్ లెక్కా కాదు, ఊరికే అనుకుందాం. వంద గ్రాముల ప్యాకెట్ 40 రూపాయలు, అందులో జొన్నపిండి 15 శాతం. అంటే 15 గ్రాముల జొన్న. 2024-25కి కేంద్రం ప్రకటించిన హైబ్రిడ్ జొన్న మద్దతు ధర క్వింటాలుకి 3,371 రూపాయలు, అంటే కిలో 34 రూపాయలకు కాస్త తక్కువ. 15 గ్రాముల జొన్న ఖరీదు ఎంతయింది? యాభై పైసలు. మీరిచ్చిన 40 రూపాయల్లో, ఏ గింజ పేరు చెప్పి ఆ ప్యాకెట్ అమ్మారో ఆ గింజ పండించినవాళ్లకి చేరేది అర్ధరూపాయి.

అది కూడా మద్దతు ధర దొరికితే. మద్దతు ధర ప్రకటించడం వేరు, కొనడం వేరు. మన దగ్గర వడ్లకి ఉన్నట్టు జొన్నకి ఊరూరా కొనుగోలు కేంద్రాలు ఉండవు.

ఇక్కడొక మాట క్లియర్‌గా చెప్పాలి. కంపెనీలన్నీ విలన్లు, మనం హీరోలం అని చెప్పే ఎపిసోడ్ కాదిది. ఆ లిస్ట్‌లో 500, 503 అని నెంబర్లు కనిపిస్తే విషం విషం అని వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసే బ్యాచ్ కూడా ఉంది. 500 అంటే మన ఇంట్లో ఉండే వంటసోడా బాపతే. 322 అంటే లెసిథిన్, ఎక్కువగా సోయా నుంచి తీస్తారు. నెంబర్ చూసి భయపడటం దండగ. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. అసలు వీళ్లు జొన్నని ఎందుకంత తక్కువ వేస్తారు? పొదుపు కోసమేనా?

నేను కొన్నేళ్లు కోడ్ రాసి బతికినవాడిని కదా, నా బుర్ర ముందు రిక్వైర్‌మెంట్ ఏంటి అనే ఆలోచిస్తుంది. ఫ్యాక్టరీ ఫుడ్‌కి మొదటి రిక్వైర్‌మెంట్ రుచి కాదు, బలం కాదు. షెల్ఫ్ లైఫ్. ఫ్యాక్టరీలో తయారై, గోడౌన్‌లో కూర్చుని, లారీలో ఎండకి మగ్గి, కిరాణా కొట్టు అరలో నెలల తరబడి నిలబడి, ఆ తర్వాత మీరు చింపినా కరకరలాడాలి. ఈ ఒక్క కండిషన్ పెట్టి చూడండి, మిగతా డిజైన్ అంతా దానంతటదే వచ్చేస్తుంది.

సజ్జల్నే తీసుకోండి. సజ్జపిండి పట్టించి పెట్టుకుంటే కొన్నాళ్లకే చేదెక్కుతుందని మీ అమ్మమ్మని అడిగినా చెప్తుంది. ఎందుకంటే సజ్జలో కొవ్వు మిగతా ధాన్యాల కంటే కాస్త ఎక్కువ. గింజ పగిలిన క్షణం నుంచి దాంట్లోనే ఉన్న ఎంజైమ్‌లు ఆ కొవ్వు మీద పని మొదలుపెడతాయి. గింజకి బలం ఇచ్చేది ఏ భాగమో, పిండిని పాడుచేసేదీ అదే భాగం. మొలకెత్తే ముక్కలో, పైన తవుడు పొరలో నూనె, విటమిన్లు, పీచు అన్నీ ఉంటాయి. షెల్ఫ్‌కి అవే శత్రువులు. కాబట్టి ఫ్యాక్టరీ ఏం చేస్తుంది? వాటిని తీసేస్తుంది. గోధుమలో అవి తీసేస్తే వచ్చేది మైదా. కొర్రల్ని తెల్లగా పాలిష్ చేసి అమ్మడం కూడా ఇదే కథ. తీసేశాక రుచి పోతుంది, దానికి చక్కెర, ఉప్పు, ఫ్లేవర్. మెత్తదనం పోతుంది, దానికి పామాయిల్. పామాయిల్ మామూలు వేడిలో కూడా సగం గడ్డకట్టి ఉంటుంది, త్వరగా కంపు పట్టదు, పైగా చవక. ఎవరో కూర్చుని కుట్ర చేసింది కాదు ఇది. అర మీద ఆరు నెలలు నిలబడాలి అన్న ఒక్క రూల్ తిప్పిన చక్రం.

మరి మన పెద్దవాళ్లు ఏడాది పొడుగునా ఎలా దాచుకున్నారు? వాళ్లు పిండి దాచలేదండీ, గింజ దాచారు. గింజ అనేది ప్రకృతి చేసిన ప్యాకింగ్. కొర్ర, సామ లాంటివి పొట్టుతో ఉంటే ఏళ్లు నిలుస్తాయి. రాగులు కూడా అంతే. మన తెలంగాణ పల్లెల్లో తైదలు అంటారు చూడండి, అవే. కరువు వస్తే పనికొస్తాయని గాదెల్లో పోసి ఉంచేవాళ్లు. వారానికి సరిపడా తీసి విసురుకునేవాళ్లు. ఫ్యాక్టరీ ప్యాకెట్‌ని నమ్ముకుంటే, వీళ్లు గింజ పొట్టుని నమ్ముకున్నారు.

ఇంతకీ ఆరోగ్యం సంగతి. 2019లో అమెరికా ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో కెవిన్ హాల్ అనే సైంటిస్టు ఒక ప్రయోగం చేశాడు. 20 మందిని నెలపాటు అక్కడే ఉంచారు. రెండు వారాలు బాగా ప్రాసెస్ చేసిన తిండి, రెండు వారాలు మామూలుగా వండిన తిండి. ప్లేట్‌లో పెట్టిన కేలరీలు, చక్కెర, కొవ్వు, పీచు, ఉప్పు రెండింటిలోనూ సమానం. ఎంత కావాలంటే అంత తినొచ్చు. ఏమైంది? ప్రాసెస్ చేసిన తిండి ఉన్న రోజుల్లో అదే మనుషులు రోజుకి దాదాపు 500 కేలరీలు ఎక్కువ తిన్నారు. రెండు వారాల్లో కిలోకి దగ్గరగా బరువు పెరిగారు, మామూలు తిండికి మారితే అంతే తగ్గారు. 20 మందే, నెల రోజులే, కాబట్టి ఇదే ఫైనల్ అని నేను అనను. కానీ ప్యాకెట్ తెరిస్తే ఆగలేకపోవడం మీ మనోబలం లేకపోవడం మాత్రమే కాదని దీన్నిబట్టి తెలుస్తోంది. ఇక మన హైదరాబాద్‌లోనే, తార్నాకలో ఉన్న ఎన్‌ఐఎన్, 2024 మేలో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ఏం చెప్పిందంటే, దేశంలో మొత్తం రోగాల భారంలో 56.4 శాతం సరైన తిండి లేకపోవడం వల్లేనని.

సరే, ఇప్పుడు చేను దగ్గరికి పోదాం. హైదరాబాద్ నుంచి ముంబై హైవే పట్టుకుని వంద కిలోమీటర్ల పైచిలుకు వెళ్తే జహీరాబాద్. అవతల కర్ణాటక, బీదర్ దగ్గరే. అక్కడ పస్తాపూర్ అనే ఊరు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, డీడీఎస్ అంటారు, 1983లో మొదలైంది. దాన్ని నిలబెట్టినవాళ్లలో ముఖ్యుడు పి.వి. సతీష్ గారు, 2023 మార్చిలో చనిపోయారు. కానీ అసలు మనుషులు ఆ ఊళ్ల ఆడవాళ్లు. ఎక్కువమంది దళిత మహిళలు, ఒక్కొక్కరికి ఒకటి రెండెకరాల నేల. అదీ ఎర్ర దుబ్బ నేల, బోరు లేదు, కాలువ లేదు, వాన పడితే పంట.

ఆ 1983 అనే ఏడాదిని గుర్తుపెట్టుకోండి. ఎన్.టి.ఆర్. గారు అధికారంలోకి వచ్చి రెండు రూపాయలకే కిలో బియ్యం పథకం పెట్టింది అప్పుడే. ఆ పథకం ఎన్ని ఇళ్లలో ఆకలి తీర్చిందో మన ఇళ్లలో పెద్దవాళ్లని అడిగితే చెప్తారు. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం నాకిష్టం లేదు. కానీ మెట్ట ప్రాంతాల్లో దానికి ఇంకో ముఖం కూడా ఉంది. రెండు రూపాయలకి బియ్యం దొరుకుతుంటే, ఎండలో ఒళ్లు వంచి జొన్న పండించి, దంచి, విసిరి, రొట్టె కొట్టేదెవరు? జొన్న గట్క పేదోళ్ల తిండి అయింది, తెల్లన్నం గౌరవం అయింది. చేలు బీడు పడ్డాయి. చేను బీడు పడితే పశువుల మేత పోయింది, మేత పోతే పశువులు పోయాయి, పశువులు పోతే పెంట ఎరువు పోయింది, ఎరువు లేని నేల ఇంకా బీడైంది.

ఆ ఆడవాళ్లు ఈ చక్రాన్ని వెనక్కి తిప్పిన తీరు ఉంది చూశారూ, అది నాకు ఏ స్టార్టప్ పిచ్ డెక్‌లోనూ కనపడలేదు. 1990ల మధ్యలో ఒక పని మొదలుపెట్టారు. ఊళ్లో బీడు భూములున్న చిన్న రైతులకి దున్నడానికి, ఎరువుకి, విత్తనానికి అప్పు ఇచ్చారు. తిరిగి కట్టాల్సింది డబ్బులు కాదు, జొన్నలు. కొన్నేళ్లపాటు ఏటా ఇన్ని జొన్నలు అని. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ చేశారు. వానాకాలం మొదట్లో ఇంట్లో గింజ అయిపోయి, కొత్త పంట ఇంకా రాని నెలలు ఉంటాయి కదా, అప్పుడు ఊళ్లో బాగా పేదవాళ్లకి తక్కువ ధరకి ఇచ్చారు. ఎవరు బాగా పేదవాళ్లు అన్నది కూడా ఊరివాళ్లే కూర్చుని తేల్చుకున్నారు. అంటే రేషన్ షాపే, కాకపోతే గింజ ఎక్కడో పంజాబ్ నుంచో గోదావరి నుంచో రాదు, పక్క చేలోంచి వస్తుంది. కూలి పని కూడా ఊళ్లోనే దొరికింది. బీడు పోయింది.

చేను ఎలా ఉంటుందో చెప్పాలి. మనం ఫొటోల్లో చూసే చేను ఒకే పంట, గీత గీసినట్టు. వీళ్లది అలా కాదు. జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, మినుము, అనుములు, బొబ్బర్లు, నువ్వులు, పుంటికూర, అన్నీ ఒకే చేలో, ఒక్కో చేలో ఇరవై రకాలు కూడా. చూడటానికి గందరగోళంగా ఉంటుంది గానీ దాని వెనక లెక్క ఉంది. కంది వేరు లోతుకి పోతుంది, కొర్ర వేరు పైపైన ఉంటుంది, నీళ్ల కోసం కొట్లాట లేదు. పప్పుజాతి మొక్కలు గాలిలోని నత్రజనిని నేలలోకి దింపుతాయి, జొన్న దాన్ని వాడుకుంటుంది. పెసర రెండు నెలల్లో చేతికొస్తుంది, కంది సంక్రాంతి దాకా నిలబడుతుంది. వాన మధ్యలో మొహం చాటేస్తే కొన్ని పోతాయి, కొన్ని నిలుస్తాయి. సర్వర్ ఒకటి పడిపోతే ఇంకోటి లేచేలా పెట్టుకుంటాం కదా, రిడండెన్సీ, అదే ఇది.

చలికాలంలో ఇంకో అద్భుతం. తడి పెట్టకుండా, వాన లేకుండా, నేలలో మిగిలిన చెమ్మ, రాత్రి కురిసే మంచు, వీటితోనే శనగ, కుసుమ, అవిసె లాంటివి పండుతాయి. ఆ ఆడవాళ్లు వాటిని 'సత్యం పంటలు' అంటారు. ఎంత బాగుంది పేరు!

ఇంకా గునుగు. బతుకమ్మలో పేర్చే గునుగు పువ్వు తెలుసు కదా? దాని లేత ఆకు కూర వండుకుంటారు. తుమ్మికూర, గంగవాయిలి, ఇవన్నీ ఎవరూ విత్తకుండా చేలో వచ్చేవే. పైసా ఖర్చు లేకుండా విటమిన్లు. కలుపు మందు కొట్టే చేలో వీటి పేరు కలుపు. కొట్టని చేలో వీటి పేరు కూర. ఏ దిగుబడి లెక్కలోనూ ఇవి ఎక్కవు, ఎందుకంటే మార్కెట్‌కి రావు, గిన్నెలోకే పోతాయి.

విత్తనం కొనరు. చేలో మంచి కంకి చూసి ముందే పెట్టుకుంటారు, ఎండబెడతారు, బూడిద, వేపాకు కలిపి బుట్టల్లో పోసి పేడతో అలుకుతారు. పక్కింటామెకి ఒక సోలెడు ఇస్తే, పంటయ్యాక ఆమె ఎక్కువ కలిపి తిరిగి ఇస్తుంది. విత్తనాల మీద ఇంత పట్టు ఉన్న ఈ మహిళా సంఘాలకి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది.

వీడియోలు చేసేవాడిగా ఇది చెప్పకుండా ఉండలేను. వీళ్లలో కొందరు, బడి మొహం చూడనివాళ్లు, యూట్యూబ్ పుట్టకముందే కెమెరా పట్టుకుని సినిమాలు తీశారు. షాట్లకి వాళ్ల పేర్లు వాళ్లే పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూసే షాట్ 'పటేల్ షాట్', దొర మనల్ని చూసినట్టు. కంటికి కన్ను ఎదురుగా చూసే షాట్ 'సంఘం షాట్', సంఘంలో అందరూ నేల మీద సమానంగా కూర్చుంటారు కాబట్టి. 2008 నుంచి సొంత రేడియో కూడా నడుపుతున్నారు, సంఘం రేడియో.

ఇప్పుడు కష్టమైన ప్రశ్నలకి వద్దాం, లేకపోతే ఇది భక్తి వీడియో అయిపోతుంది.

వాన మీద ఆధారపడే జొన్న మంచి ఏడాదైతే ఎకరానికి నాలుగైదు క్వింటాళ్లు. నీళ్లున్న చోట వరి ఇరవై క్వింటాళ్లు దాటుతుంది. మీరు రైతైతే, పిల్లల ఫీజులు కట్టాలంటే, బోరు వేసి వరో చెరకో పెట్టడం తప్పెలా అవుతుంది? దేశంలో 86 శాతం రైతులవి ఐదెకరాల లోపు కమతాలే, 2015-16 వ్యవసాయ గణన చెప్పిన లెక్క. వాళ్లకి చేను మ్యూజియం కాదు, బతుకు. ఇంకోటి, పని. కొర్రల పొట్టు తీయడం ఎంత చాకిరో, ఆ చాకిరీ ఎవరు చేస్తారో మనందరికీ తెలుసు. రోలు, రోకలి, విసుర్రాయి గొప్పవని రీల్స్ పెట్టే మగవాళ్లు ఒక్క వారం విసిరి చూపించాలి. ఊళ్లో చిన్న మిల్లు లేకుండా చిరుధాన్యాల గురించి మాట్లాడటం ఆడవాళ్ల నడుం మీద ఉపన్యాసం ఇవ్వడమే. చిన్న ఊరి మిల్లు కూడా ఒక ఫ్యాక్టరీయే, దాన్ని నేను చేతులెత్తి స్వాగతిస్తాను.

శ్రీలంక సంగతి కూడా తెలుసుకోవాలి. 2021 ఏప్రిల్‌లో అక్కడి ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఒక్క దెబ్బకి ఆపేసింది. నేలకి టైమ్ లేదు, రైతుకి ట్రైనింగ్ లేదు, బదులు ఎరువు లేదు. వరి దిగుబడి పడిపోయింది, నవంబర్‌కల్లా వెనక్కి తగ్గారు. సహజ సేద్యం ఆర్డర్ పాస్ చేస్తే వచ్చేది కాదు. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి దీన్ని వేరేలా చేస్తోంది. ఊళ్లో ఆడవాళ్ల పొదుపు సంఘాల ద్వారా, చేసి చూపించిన రైతే పక్క రైతుకి నేర్పించేలా, కొంచెం కొంచెంగా. 2024లో ఆ కార్యక్రమానికి గుల్బెంకియన్ బహుమతిలో వాటా దక్కింది.

జహీరాబాద్ చేలకి వచ్చిన అసలు గండం బిస్కెట్ ప్యాకెట్ కాదు, అది కూడా చెప్పాలి. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లో 12 వేల ఎకరాలకు పైగా భూమిలో పారిశ్రామిక మండలి, నిమ్జ్, ప్లాన్ ఉంది. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ ఆమోదించిన 12 ఇండస్ట్రియల్ స్మార్ట్ సిటీల్లో జహీరాబాద్ ఒకటి. ఉద్యోగాలు వస్తాయంటున్నారు. మన వయసువాళ్లకి ఉద్యోగాలు కావాలి, నిజమే. కానీ నష్టపరిహారం లెక్క కట్టేటప్పుడు ఎకరం మార్కెట్ రేటు చూస్తారు. అందులో ఇరవై పంటలకి, గునుగు కూరకి, బుట్టలో విత్తనానికి కాలమ్ లేదు. రికార్డుల్లో అది మెట్ట భూమి, అంతే.

ఇక పోయిన వీడియో కింద ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, నేను అమీర్‌పేట పీజీలో ఉంటా, ఇండక్షన్ స్టవ్ ఒకటే ఉంది, ఇవన్నీ నాకెందుకు?" మంచి ప్రశ్న. నీకు చేను లేదు, మిల్లు లేదు, టైమ్ లేదు. కాబట్టి బిస్కెట్ మానెయ్ అని నేను చెప్పను. మిల్లెట్ బిస్కెట్ అని ఎక్కువ డబ్బులు మాత్రం పెట్టకు. అదే డబ్బుతో జొన్నరవ్వ వస్తుంది, గట్క కాచుకోవడానికి ఇరవై నిమిషాలు, కాస్త మజ్జిగ, ఉల్లిపాయ. కొర్రలు కొంటే బాగా తెల్లగా మెరిసేవి కాకుండా కాస్త మాసిన రంగులో ఉన్నవి చూసి, కొంచెం కొంచెంగా కొనుక్కో, ఎందుకంటే పాలిష్ పట్టనివి త్వరగా పురుగు పడతాయి. పురుగు పట్టింది చూసి కంగారు పడకు, దాంట్లో తినడానికి ఏదో ఉందని పురుగుకి తెలిసింది. కొర్రలు తింటే షుగర్ మాయం, క్యాన్సర్ మాయం అని ఎవరైనా పంపిస్తే మాత్రం నమ్మకు. నువ్వు వేసుకునే మందులు డాక్టర్‌ని అడగకుండా ఆపకు. రాగుల్లో వంద గ్రాములకి 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంది, బియ్యంలో పదికి అటూ ఇటూ. ఈ నిజం చాలు, అబద్ధాలు కలపక్కర్లేదు.

శనివారం ఖాళీగా ఉంటే మీ బస్తీలో పిండి మర ఎక్కడుందో వెతుకు. ఇంకా చాలాచోట్ల ఉన్నాయి. రెండు కిలోల జొన్నలు పట్టిస్తే వెచ్చగా చేతికిస్తాడు, ఆ వాసన ఒక్కసారి చూడు.

ఏటా సంక్రాంతికి పస్తాపూర్ చుట్టుపక్కల ఊళ్లలో పాత పంటల జాతర మొదలవుతుంది. ఎడ్లబండ్ల మీద విత్తనాల బుట్టలు పెట్టి, ఆడవాళ్లు పాటలు పాడుతూ ఊరూరా దాదాపు నెల రోజులు తిరుగుతారు. హైదరాబాద్ నుంచి జహీరాబాద్ బస్సులు చాలానే ఉన్నాయి. వెళ్లేవాళ్లు గింజల పేర్లు రాసుకోవడానికి ఒక నోట్‌బుక్ పట్టుకెళ్లండి, ఫోన్‌లో టైప్ చేస్తుంటే వాళ్లు చెప్పే స్పీడ్‌కి అందదు. పామాయిల్ గురించి చాలామంది అడిగారు, మన ఏలూరు వైపు తోటలతో కలిపి అది వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటానండి.